నొప్పి రాకముందే

ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే బస్సులో నా పక్కన యాభై దాటిన ఒకావిడ కూర్చుంది. కొల్లేరు దగ్గరపడుతుండగా ఫోన్ తీసి కూతురిని గద్దించింది.

"పదయిందే. మీ నాన్నకి మార్ఫిన్ మాత్ర వేశావా? నొప్పి లేదంటున్నారా? అయినా వెయ్యి."

నేను ఊరుకోలేకపోయాను. "నొప్పి లేనప్పుడు ఎందుకండీ? అలవాటైపోదూ?"

"మాత్ర వేస్తున్నాం కాబట్టే నొప్పి లేదండీ," అని నవ్వింది. "ఈ క్యాన్సర్ ఇక తగ్గదని డాక్టరమ్మ చెప్పేశారు. ఉన్నన్నాళ్లూ బాధ లేకుండా చూసుకోండి, మాత్ర వేళ తప్పొద్దు అన్నారు. నిన్న చేపల పులుసులో ఉప్పు తక్కువైందని మా ఆయన నాతో పోట్లాడారండీ! ఎన్నాళ్లయిందో ఆయన గొంతు అలా విని."

తాయెత్తుల మీద, ముహూర్తాల మీద వేదికలెక్కి నిప్పులు కురిపించినవాణ్ని నేను. మా అక్కకూ అదే జబ్బు. ఆమెకూ డాక్టరు ఆ మాత్రను వేళ ప్రకారమే రాసిచ్చారు. ఆమె తట్టుకోలేక ఏడ్చేదాకా నేను దాన్ని ఇవ్వనిచ్చేవాణ్ని కాదు. ఓర్చుకోవడమే గొప్ప అనే మూఢనమ్మకానికి మా ఇంట్లో నేనే పూజారిని.

ఆవిడతో అక్క సంగతి చెప్పాను.

"మరి ఇక్కడ నాతో వాదిస్తూ కూర్చున్నారేంటండీ? ముందు ఫోన్ చెయ్యండి."

చేశాను. మేనకోడలు ఎత్తింది.

"అమ్మ ఎలా ఉందే?"

"మూలుగుతోంది మావయ్యా. వేళ దాటి గంటయింది కానీ, మాత్ర ఇంకా అడగలేదు."

"అడగక్కర్లేదమ్మా. ఇచ్చెయ్."