నాయన బండి చప్పుడు

నిన్న మా అపార్టుమెంటు కింద ఎవరో పాత బండిలోంచి పెట్రోలు ఒంపుతున్నారు. వార్నిషులాంటి ఆ వాసనకి చూలైలోని మా చిన్నప్పటి ఇల్లు గుర్తొచ్చింది.

నాయన పోయినాక ఆయన బండి మెట్ల కిందే ఉండిపోయింది. ఎవరికన్నా ఇచ్చేద్దామని అమ్మ మెకానిక్కును పిలిపించింది. ఎన్ని కిక్కులు కొట్టినా అది పలకలేదు.

"పెట్రోలు చెడిపోయిండాదక్కా," అని అతను ట్యాంకు ఖాళీ చేసి, కార్బరేటరు కడిగి, కొత్త పెట్రోలు పోసి కొట్టాడు. బండి అందుకుంది.

ఆ చప్పుడు వినగానే గేటు తియ్యడం నా పని. పరిగెత్తి తీసి, నాయన కోసం వీధిలోకి చూశాను. సిగ్గేసింది.

అమ్మ వంటింట్లోంచి కాఫీ తెచ్చింది. మెకానిక్కు ఒక గుక్క తాగి, "చక్కెర మరిచినావక్కా," అన్నాడు.

మా ఇంట్లో చక్కెర లేకుండా తాగేది నాయన ఒక్కడే. ఆ పొద్దు పొరబడింది నేనొక్కదాన్నే అనుకున్నాను, చాలా ఏళ్లు.