ఫ్యాక్టరీ దురద అనుకున్నాను

1991 ఆగస్టు 12, సోమవారం ఉదయం పదీ ఇరవైకి ఒక కార్మికుడి ముంజేతి చర్మంలో పెన్సిలిన్ టెస్ట్ డోసు వేశాను. అప్పుడు నేను పటాన్‌చెరు దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో నర్సును. అతనిది దగ్గర్లోని లక్డారం ఊరు, రసాయనాల ఫ్యాక్టరీలో పని. కాలి పుండు చీము పడితే వచ్చాడు. టెస్ట్ డోసు వేశాక ఇరవై నిమిషాలు ఆగాలి. గుచ్చిన చోట ఎర్రగా ఉబ్బితే ఆ మందు ఇవ్వకూడదు.

పదీ నలభైకి చూస్తే ఎర్రగానే ఉంది. కానీ ఆ ఫ్యాక్టరీల నుంచి వచ్చేవాళ్ల చేతుల నిండా ఎప్పుడూ దద్దుర్లే. అతనికీ రెండు చేతుల మీదా దద్దుర్లున్నాయి.

“ఇది మా కంపెనీ దురద సిస్టరమ్మా, జీతంతోని కలిపి ఇస్తరు. జెర జల్దీ సూది ఇయ్యి, రెండింటికి డ్యూటీకి పోవాలె,” అని నవ్వాడు.

అతని భార్య ఆ చెయ్యి పట్టుకుని చూసింది. “గీ రూపాయి బిళ్లంత ఉబ్బు పొద్దుగాల లేకుండె.”

“నువ్వెప్పుడు డాక్టరువైనవే?” అన్నాడతను.

నేనూ నవ్వి పూర్తి డోసు ఇచ్చాను. టెస్ట్ డోసు గుచ్చే ముందే ఆ చోటు చుట్టూ పెన్నుతో గీత గీసి ఉంటే కొత్త ఎరుపేదో తెలిసేది. గీయలేదు. ఐదు నిమిషాల్లో అతని పెదవులు ఉబ్బాయి, గొంతు మూసుకుపోయింది. డాక్టరు పరుగున వచ్చి అడ్రినలిన్ ఇచ్చినా ఫలితం లేకపోయింది. పదకొండూ పదికి నాడి ఆగింది.

పోయింది ముప్పై ఒక్కేళ్ల మనిషి. ఆమెకు భర్త, ఇద్దరు ఆడపిల్లలకు తండ్రి. ఆమె మాట వినడానికి నాకు పట్టేది అర నిమిషం.