గోడవతల పెట్టిన అన్నం

ఈ ఉదయం మనామాలో మా సందు దాటి బస్టాపుకు నడుస్తుంటే, ఇంకా తెరవని కొట్టు మెట్ల మీద గోధుమరంగు కుక్క ఒకటి పడుకొని కనిపించింది. దాని ఎడమ చెవి కొన కత్తిరించి ఉంది. పట్టుకెళ్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, సూదిమందు వేసి, గుర్తుగా చెవి కత్తిరించి మళ్లీ తెచ్చి వదిలిన కుక్క అన్నమాట. నన్ను చూసి తల ఎత్తింది, మళ్లీ దించుకుంది. అంతమాత్రానికే నా కాళ్లు ఆగిపోయాయి, చేతిలోని సంచి దానంతటదే పిక్కకు అడ్డం వచ్చింది. నా కాలంలోనే గల్ఫుకు వచ్చినవాళ్లకు ఈ భయం గురించి విడమర్చి చెప్పనక్కర్లేదు. నాకు మాత్రం ఆ భయం వెనక ఒక సిగ్గు కూడా ఉంది.

అప్పట్లో మా క్యాంపు జల్లాఖ్ వైపు, చుట్టూ ఇసుక తప్ప మరేమీ లేని చోట ఉండేది. నన్ను ఇక్కడికి తెచ్చింది మా బావ, అంటే అక్క భర్త. ఆయన తాపీమేస్త్రీ, నేను ఆయన కింద కూలీని. గదిలో కింది మంచం ఆయనది, పై మంచం నాది. ఆరుగురం వంతులవారీగా వండుకునేవాళ్లం, ఎవరి వంతు వస్తే గిన్నెలు తోమడమూ మిగిలింది పారేయడమూ వాళ్ల పనే. చెత్తడబ్బాలో సిమెంటు సంచులూ, మురికి గుడ్డలూ, అందరి ఉమ్ములూ ఉండేవి. అన్నం తీసుకెళ్లి అందులో వేయడానికి నాకు చెయ్యి రాలేదు. మా అమ్మ ఏనాడూ అన్నాన్ని చెత్తలో కలపలేదు. గోడవతల పెడితే ఏ నోరులేని జీవమో తినిపోయేది. నేనూ అలాగే, మిగతావాళ్ల వంతు రోజుల్లోనూ మిగిలింది నేనే పారేస్తానని తీసుకుని, క్యాంపు వెనక గోడ అవతల, డ్యూటీ బస్సు ఎక్కడానికి మేము నడిచే దారి పక్కనే అన్నం పెట్టేవాణ్ని. అక్కడ తిండి పారేయవద్దని కేరళ నుంచి వచ్చిన క్యాంపు బాస్ రెండుసార్లు అందరినీ హెచ్చరించాడు. పుణ్యం చేస్తున్నానన్న గర్వంతో నేను మానలేదు, చాటుగా పెట్టడం మాత్రం నేర్చుకున్నాను.

మొదట ఒక కుక్క వచ్చింది, నెల తిరక్కుండా గుంపు తయారైంది. మన ఊరి కుక్క పిడికెడు మెతుకులకు తోక ఊపుతుంది గానీ, ఆ ఇసుకలో పుట్టి పెరిగిన వాటికి మనిషి చేతిలో రాయి తప్ప మరొకటి తెలియదు. అన్నం దొరికే జాగా తమదేనని కాపలా కాస్తూ, తెల్లవారుతూనే బస్సుకు బయలుదేరిన మమ్మల్ని గుర్రుమంటూ చుట్టుముట్టేవి. మేము టిఫిన్ డబ్బాలు గడగడలాడిస్తూ గుంపుగా నడిచేవాళ్లం.

ఒకనాడు బావా నేనూ వెనకబడ్డాం. నల్లకుక్క ఒకటి పళ్లు బయటపెట్టి ఎదురొచ్చింది. "ఉరుకకు బామ్మర్దీ, నిలబడు" అని బావ మెల్లగా అన్నాడు. నేను ఉరికాను. ఉరికినవాడి వెంట అది పడింది, అడ్డం వచ్చిన బావ పిక్క పట్టుకుంది.

బావే ముందు రాయి విసిరి ఉంటాడని క్యాంపంతా అనుకుంది. బాస్ నన్ను పిలిచి, "పత్థర్ మారా క్యా?" అని అడిగాడు. చూసినవాణ్ని నేనొక్కణ్నే. విసరలేదని చెబితే, మరి కుక్కలు ఇక్కడెందుకు చేరాయన్న మాట వస్తుంది, అన్నం పెట్టిందెవరన్న ఆరా మొదలవుతుంది, నన్ను ఇంటికి పంపేస్తారని భయపడి తల దించుకున్నాను. ఆ తల దించుకోవడమే సాక్ష్యమైంది. కుక్కలను రెచ్చగొట్టే మనిషి ఇక్కడ వద్దు, కుక్కకాటు సూదులు పూర్తవగానే వేరే క్యాంపుకు మార్చేస్తానని బాస్ తేల్చేశాడు. నన్ను చేయిపట్టి తెచ్చిన మనిషి, నా మూలంగా, నన్ను విడిచి పోబోతున్నాడు.

సల్మానియా ఆసుపత్రికి ప్రతిసారీ నేనే తోడు వెళ్లాను. కుంటుతూ బస్సెక్కే బావకు చేయి అందించేవాణ్ని గానీ, అన్నం సంగతి మాత్రం దాటేసేవాణ్ని. ఆఖరి సూదికి వెళ్తున్న రోజు బస్సులో, కిటికీ వైపు చూస్తూ, అన్నం పెట్టింది నేనేనని చెప్పేశాను.

"నాకెర్కలేదారా? రోజు మాపటికి నీ గిన్నె సప్పుడు ఇనుకుంటనే పండుకుంటి గదా."

మరి బాస్‌కు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వే జెప్తవని జూసిన. సూదులన్నీ ఒడ్సెదాక ఆగినవ్. ఇయ్యాల గుడ నోరు తెర్వకపోతే ఆ కర్రెకుక్కను నీ మీదికి ఉసిగొల్పెటోన్ని" అని నవ్వాడు. నాకు ఏడుపు వచ్చింది.

తిరిగి రాగానే బాస్ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చాలాసేపు అరిచి, చివరికి ఖలాస్, ఇంతటితో సరి అన్నాడు. బావ మారడం రద్దయింది, ప్రతి శుక్రవారం గోడవతల ఊడ్చే పని నాకు పడింది. ఒక్కసారిగా తిండి ఆపితే కుక్కలు ఇంకా మొండికెత్తుతాయనీ, దారికి దూరంగా మార్చుకుంటూ పోదామనీ బావే బాస్‌ను ఒప్పించాడు. రోజుకు పది అడుగుల చొప్పున గిన్నెను ఇసుక దిబ్బల వైపు జరిపాం. రాళ్లు ఏరకూడదని గదిలో అందరం అనుకున్నాం. వేసవి వచ్చేసరికి దారి ఖాళీ అయింది. నల్లకుక్క ఏనాడూ తోక ఊపలేదు గానీ, మమ్మల్ని చూస్తే తల పక్కకు తిప్పుకునేది. మాకు ఆ మర్యాద చాలనిపించింది.

ఇప్పుడు చాలా క్యాంపుల్లో అన్నం ప్యాకెట్లలో వస్తోంది, మిగిలింది ముడివేసిన కవరులో పోతోంది. వీధికుక్కలకు సూదులు వేసేవాళ్లున్నారు, మా రోజుల్లో అవి మాకే పడ్డాయి. ఇది మంచి మార్పే, కాదనను. కాకపోతే కింది మంచం మీద పడుకొని మన గిన్నె చప్పుడు విని, మనమే చెప్పేదాకా ఓపిక పట్టే మనిషి అందరికీ దొరుకుతున్నాడో లేదో తెలియదు.

బస్సు ఎక్కాక బావకు ఫోన్ చేసి చెవి కత్తిరించిన కుక్క సంగతి చెప్పాను. ఆయన మొదట అడిగింది ఒకటే: "ఉరికినవా, నిలబడ్డవా?"

నిలబడ్డానన్నాను. సంచి మాత్రం అడ్డం పెట్టుకున్నానని, అది కూడా చెప్పేశాను.