చలివేంద్రం దగ్గర గంజి

సింహళం నుంచి వచ్చిన బౌద్ధ భిక్షువు ఆ రోజు చలివేంద్రం దగ్గర గంజి తాగాడన్నది నేను కళ్లారా చూసిన విషయం. ఆయన అడుగుపెట్టిన పుణ్యాన ఊళ్లో కలరా ఆగిందన్నది వినికిడి. ఆ వారంలోనే అక్కడి బావులన్నిటిలో మందు వేయించాను గనుక ఆ మాటను నేను లెక్కలోకి తీసుకోను.

రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులు. రసాయనశాస్త్రం చదివి ఆరోగ్యశాఖలో చేరిన నేను మాచర్ల వైపు పల్లెల్లో నీళ్లు పరీక్షించేవాణ్ణి. నాగార్జునకొండ దర్శనానికి రైలు దిగిన ఆ భిక్షువు, బండి ఇరుసు విరగడంతో ఎండలో నడక సాగించాడట. నేను చూసేసరికి చలివేంద్రం పందిరి గుంజకు ఆనుకుని ఉన్నాడు. ఒళ్లు కాలుతోంది, చెమట లేదు, నాడి అతివేగంగా కొట్టుకుంటోంది. గొంతులో తడి పడకపోతే సాయంత్రం చూడడని నాకు తెలుసు.

నీళ్లు పోసే ముసలమ్మ ముంత అందించింది. ఆయన తన పాత్రకు గుడ్డ కట్టి వడకట్టబోయాడు.

"నా కుండలో చేపలున్నాయా ఏంది సామీ?" అంది.

ప్రాణులున్న నీళ్లు తాగరాదన్నది తమ నియమమని ఆయన ఇంగ్లీషులో చెప్పాడు. ఆ నీళ్లు తోడిన బావికి ఇంకా మందు పడలేదు. రెండిళ్లలో కలరా ఉంది. అందుకే అడ్డుపడ్డాను. గుడ్డకు దొరకనంత చిన్న ప్రాణులు ఇందులో ఉండవచ్చునని చెప్పి, ముంతలో బావులకు వేసే మందు, పర్మాంగనేటు, కలిపాను. నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి.

"ఇది వాటిని చంపుతుందా?"

చంపదంటే తాగేవాడు. "చంపుతుంది" అన్నాను.

ఆయన ముంత కింద పెట్టాడు. వడకట్టిన నీళ్లూ వద్దన్నాడు. నేను చెప్పిన నిజమే రెండు దారులూ మూసేసింది.

"కాచి ఇస్తే?"

"నా కోసం కాయవద్దు."

ఎవరైనా తమ కోసం కాచుకున్నది పెడితే పుచ్చుకోవచ్చట. గంజి అయితే ఆహారం కిందికి వస్తుంది గనుక మిట్టమధ్యాహ్నం లోపేనట. నా గడియారంలో పన్నెండుకు అరగంట ఉంది. ఇదంతా ముసలమ్మకు చెప్పాను.

"చానా చదివావుగా బాబూ, ఒక్క అబద్ధం నేర్పలేదా నీకు?" అని, వెనకనున్న గుడిసెలోకి వెళ్లింది.

గుడిసె వైపు వీపు పెట్టి, తడిగుడ్డతో ఆయన ఒళ్లు తుడుస్తూ కూర్చున్నాను. పిలిస్తే పలకడం తగ్గింది. పన్నెండుకు ఐదు నిమిషాలుండగా ఆమె గంజికుండతో వచ్చింది.

"పొద్దున నా కోసం కాచుకున్నా. నాకు ఆకలి లేదు, తాగమను."

ఆయన నా ముఖంలోకి చూశాడు. ఆమె మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. ఆమె విసనకర్రతో చల్లార్చి చల్లార్చి పోసింది. ఆయన చివరి చుక్క దాకా తాగాడు. పొద్దు వాలేసరికి చెమట పట్టింది. తిరుగుదారిలో కలుస్తానని చెప్పి, మరో బండిలో కొండ వైపు వెళ్లాడు. అప్పటిదాకా ఆమె ఏమీ తినలేదు. అదీ నేను చూసిందే.

తేలనిది ఒకటుంది: ఆ గంజి ఎప్పుడు కాచింది? అందుకున్నప్పుడు కుండ అంచు నా వేళ్లను కాల్చింది. పొద్దుటి గంజిని నిప్పుల మీద ఉంచిందేమో; నా మాట విన్నాకే పొయ్యి రాజేసిందేమో. నాలుగడుగులు వేసి పొయ్యి చూస్తే తేలిపోయేది. వేయలేదు. తిరుగుదారిలో ఆయన అడిగితే మళ్లీ నిజమే చెప్పాల్సి వస్తుందని ఆమెనూ అడగలేదు. ఆయన ఆ దారిన రాలేదు. మరుసటి వేసవికి ఆమె లేదు.