నా సెల్లు నాలుగేళ్లు వెనకబడింది

2009 వానాకాలంలో నేను చర్ల అవతలి అడవి గూడేలకు నర్సును. అయిదు గూడేలు, మధ్యలో ఒక వాగు, భుజాన ఒక టీకాల డబ్బా, అదీ నా ఉద్యోగం. గూడేల్లో కరెంటు లేదు. వాగు ఇవతల ఒక పెద్ద బండ ఎక్కితే సెల్లుకు ఒకటో రెండో సిగ్నల్ గీతలు వచ్చేవి. అందుకని సెల్లు ఉన్నవాళ్లందరిదీ ఒకటే పద్ధతి. మాట అయిపోగానే వెనక మూత తీసి, బ్యాటరీ ఊడదీసి, సెల్లును ఒక కవర్లో, బ్యాటరీని ఒక కవర్లో చుట్టుకునేవాళ్లం. సంతరోజు చర్లలో చార్జింగ్ పెట్టించుకుంటే మళ్లీ సంత దాకా వచ్చేది. ఈ తెలివికి నేను తెగ మురిసిపోయేదాన్ని.

ఇంకో తెలివి అచ్చంగా నాది. గర్భిణుల కాన్పు తారీకులను సెల్లులోని క్యాలెండర్‌లో ఎక్కించుకునేదాన్ని. రిజిస్టరు లేక కాదు. అందులో నా చేతిరాత మరుసటి వారానికి నాకే అర్థమయ్యేది కాదు.

ఆ జులైలో వాగు దాటుతుంటే కాలు జారింది. నీళ్లు మోకాటి లోతే, నేను మాత్రం నిలువునా మునిగాను. రిజిస్టరు తడిసి ముద్దయింది. కవర్లో ఉన్న సెల్లు తడవలేదు కానీ బండకు కొట్టుకుంది. బ్యాటరీ పెడితే కూత పెట్టింది, బటన్లు వెలిగాయి, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. పదకొండు మంది తారీకులు దాని వెనక ఇరుక్కుపోయాయి.

పది మందివి ఇంచుమించుగా గుర్తున్నాయి. వాగు అవతలి చివరి గూడెం కోడలిది మాత్రం ఈ నెలాఖరో, వచ్చే నెలో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ఆమె దగ్గరున్న గర్భిణి కార్డును అంతకుముందే చెదలు తినేశాయి.

ఆమె విషయంలో అంచనా వేయడానికి నాకు ధైర్యం లేదు. రెండేళ్ల కింద ఆమె తొలి కాన్పుకు నేను చెప్పిన తారీకు తప్పింది. ఇంకా పదిహేను రోజులుందని చెప్పి వచ్చాను, వాగు నిండిన రోజునే నొప్పులొచ్చాయి. బిడ్డ దక్కలేదు. నేను ఏడ్చాను. ఏడుస్తూనే ఆమె అత్తతో, "మీరు నెలలు సరిగ్గ చెప్పలే, నేనేం జేసేది?" అన్నాను. ఈసారి కాన్పుకు ముందే భద్రాచలం దవాఖానాకు పంపమన్నప్పుడల్లా అత్తది ఒకటే జవాబు. "తారీకు చెప్పు నర్సమ్మా, పంపుత. గప్పుడో గిప్పుడో అంటే పంప. నాట్లు పడుతున్నయ్."

వాన మొదలైంది. వాగు నిండితే నాలుగైదు రోజులు ఎవరూ దాటలేరు. నల్లటి సెల్లు పట్టుకుని భద్రాచలం బస్సెక్కాను.

అక్కడ బస్టాండు దగ్గర ఒక భాయ్ దుకాణం ఉండేది. ఆయన తండ్రి అందులోనే గడియారాలు బాగుచేసేవాడు. కొడుకు క్యాసెట్లు రికార్డు చేసి చేసి, చివరికి సెల్లుల్లోకి, ఒక పాత కంప్యూటర్‌లోకి దిగాడు.

"తెర ఖమ్మం నుంచి రావాలె సిస్టరమ్మా. నాలుగు దినాలు పడ్తది," అన్నాడు.

"తెరతో నాకేం పని భాయ్? లోపలున్న తారీకులు బయటికి తీయ్, చాలు."

"అయితే వైరు పెట్టి కంప్యూటర్ల దించుదాం."

చెప్పినంత సులువుగా దిగలేదు. మొదటి వైరు పెడితే కంప్యూటరు ఒక్కసారి టింగుమని, ఇదేం వస్తువో నాకు తెలియదు పొమ్మంది. సెల్లుతో వచ్చే సీడీ వేశాడు, అది సగంలో ఆగింది. చొక్కా అంచుతో తుడిచి మళ్లీ వేశాడు. రెండో వైరు వదులుగా ఉంది. దాన్ని నేను బొటనవేలితో అదిమి పట్టుకుంటే గానీ సెల్లు కనబడలేదు. కనబడగానే ఇద్దరం ఒకేసారి "ఆఁ!" అన్నాం. పచ్చ గీత మెల్లగా నిండింది. నా ఫోన్ నంబర్లన్నీ బిలబిలా వచ్చేశాయి. చప్పట్లు కొడదామంటే వేలు తీయడానికి లేదు.

క్యాలెండర్ తెరిచాడు. జులై ఖాళీ. ఆగస్టు ఖాళీ. దసరా దాకా ఒక్క పేరు లేదు.

"సిస్టరమ్మా, నువ్వు రాసుకున్నవా, రాసుకుందామని అనుకున్నవా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "బండ మీద కూసోని వేళ్లు నొప్పి పుట్టేదాక రాసిన! నీ డబ్బానే మింగింది!"

పాపం, ఆయన కోపగించుకోలేదు. మళ్లీ దించాడు, ఖాళీ. ఇంకోసారి, అదే ఖాళీ. అసలు సెల్లులోవి సరిగ్గా వస్తున్నాయో లేదో చూద్దామని మెసేజ్‌లు తెరిచాడు. పోయిన వారం నేను మా డాక్టరుగారికి పంపిన మెసేజ్ పైనే ఉంది, టీకా మందు అయిపోయిందని. దాని పక్కన తారీకు చూశాను. 2005, జనవరి ఒకటి.

"భాయ్! అప్పటికి నేను సెల్లే కొనలే!"

అన్నానో లేదో, నా ఒళ్లంతా జిల్లుమంది. బ్యాటరీ తీసిన ప్రతిసారీ సెల్లు కాలాన్ని మరిచిపోతోంది. మళ్లీ పెట్టగానే ఈ రోజేంటని అడిగేది. బండ మీద నిలబడి సిగ్నల్ పోతుందేమోనన్న తొందరలో నేను చూడకుండా సరే అని నొక్కేదాన్ని. కాన్పు తారీకు రాసేటప్పుడు నెలా, రోజూ మార్చేదాన్ని. ఏడాది దానంతటదే పడేది, నేనెన్నడూ దానివైపు చూడలేదు. మా గొప్ప తెలివి మా కొంపే ముంచింది!

భాయ్ నుదురు కొట్టుకున్నాడు. "మా అబ్బా అయితే ముందుగాల గడియారం చూసెటోడు. నేను వైరు చూసుకుంట కూసున్న."

కంప్యూటరు ఇవ్వాళ్టివి, ఇక మీద రాబోయేవి మాత్రమే దించుకుంటోంది. పాతవి కూడా దించమని ఒక గడిలో టిక్ పెట్టాడు. నేను మళ్లీ వైరు అదిమాను. గీత నిండింది. క్యాలెండర్‌ను వెనక్కి తిప్పాడు. 2008, 2007, 2006. 2005, జులై. ఒక పేరు! ఆగస్టులో నాలుగు! సెప్టెంబరులో మూడు! గట్టిగా లెక్కపెట్టుకుంటూ పదకొండుకు చేరేసరికి కుర్చీ వెనక్కి పడింది, ఎదురు హోటల్లో టీ తాగుతున్నవాళ్లు లేచి చూశారు. నాకేం సిగ్గు లేదు, అంత సంతోషంగా ఉంది.

జులైలో ఉన్న ఆ ఒక్క పేరు చివరి గూడెం కోడలిదే. ఇరవై రెండు. ఆ రోజు పద్దెనిమిది.

కాగితం మీద అచ్చు తీయించుకుని, సెల్లు ఆయన దగ్గరే వదిలి, దొరికిన బస్సెక్కాను. మరుసటి పొద్దున వాగు మోకాళ్లు దాటింది. చీర ఎగదోపి, కాగితాన్ని రెండు కవర్లలో చుట్టి దాటాను. గూడెంలో అత్త, కొడుకు వాకిట్లోనే ఉన్నారు. కాగితం గొప్పగా అందించాను. కొడుకు నాలుగో తరగతి దాకా చదివాడు. అంకెలు కూడబలుక్కుని తలెత్తాడు.

"ఇది నాలుగేండ్ల కిందది కదా?"

తొందరలో నేను గానీ భాయ్ గానీ ఏడాది దిద్దలేదు! వానలోనూ నాకు చెమట పట్టింది. బ్యాటరీ సంగతి మొదలు నుంచి చివరి దాకా చెప్పాను. అత్త అంతా విని అడిగింది. "సెల్లుకు తెల్వదు, సరే. నీకన్న తెల్వాలె గద. తప్పెవరిది?"

"నాదే," అన్నాను. నోట్లోంచి ఆ మాట వచ్చాక ఇంకోటి కూడా ఆగలేదు. "అప్పటిది గూడ నాదే. మీరు నెలలు సక్కగనే చెప్పిన్రు. నేనే తప్పు లెక్క గట్టిన."

ఆమె లోపలికి తిరిగి కోడలిని కేకేసింది. "బట్టలు సర్దు. జల్దీ పోవాలె. నేనూ వస్త. నాట్లు మావోడు జూసుకుంటడు."

కోడలు అత్తకూ నాకూ మధ్య, చెరో చేయి పట్టుకుని వాగు దాటింది. ఇరవయ్యో తారీకున వాగు ఒడ్డు దాకా నిండింది. అప్పటికి ఆమె భద్రాచలం దవాఖానాలో మంచం మీద కూర్చుని జామకాయ తింటోంది.

ఇరవై రెండున పొద్దున ఆడపిల్ల పుట్టింది. ఆ ఏడుపు విని వరండాలో నేను కూడా వెక్కి వెక్కి ఏడ్చాను. కాసేపటికి భాయ్ తెర మార్చిన సెల్లు తెచ్చిచ్చాడు. బ్యాటరీ పెట్టాను. అలవాటుగా అది ఈ రోజేంటని అడిగింది.

అత్త పిల్లను ఒళ్లో పెట్టుకుని నా భుజం మీదుగా తొంగి చూసింది.

"రాసుకో నర్సమ్మా. ఈపాలి ఏడాది గూడ రాసుకో."

నేను ముందు ఏడాదే నొక్కాను.