జేజి కట్టేసిన చేతిని ప్రభువు విప్పాడు

సహోదరులారా, నా బిడ్డ ఎస్తేరు కుడిచేయి లేవకుండా పోయిన రోజుల నుంచి నా సాక్ష్యం మొదలుపెడతాను. ఆ రోజుల్లో తను తల దువ్వుకోలేదు, చెంబు ఎత్తి నీళ్లు తాగలేదు, ఆదివారం ఆరాధనలో అందరూ చేతులెత్తి పాడుతుంటే ఆ బిడ్డ మాత్రం మెడకు కట్టిన పట్టీలో చేయి పెట్టుకుని తలవంచుకుని కూర్చునేది. ఆ చేత్తోనే కదా టెన్నిసు రాకెట్టు పట్టి ఊళ్లూ రాష్ట్రాలూ తిరిగింది, ఆ చేత్తోనే కదా మన ప్రొద్దుటూరు పిల్ల ప్రొఫెషనల్ ఆటగత్తె అని అనిపించుకుంది!

నన్ను ఎరిగినవాళ్లకు నా నోటి సంగతీ తెలుసు. నేను నాపబండలు పరిచే మేస్త్రీని. ఎండలో వంగి చేసే పనిలో నోరు ఊరుకుంటే పొద్దు పోదు, అందుకని జరిగినదానికి నాలుగింతలు చేర్చి చెప్పడం నాకు అలవాటైపోయింది. ఈ సాక్ష్యం రాయమన్నప్పుడు పాస్టరుగారు, "సోదరా, దేవుడు చేసింది చాలు, నువ్వేమీ కలపొద్దు" అని ముందే కట్టడి చేశారు. కాబట్టి ఎక్కడైనా కలిపితే అక్కడే దిద్దుకుంటాను.

ఎస్తేరుకు ఆట నేర్పింది మా వీధి బాషా మామ. ఆయన కువైట్‌లో ఒక టెన్నిసు క్లబ్బులో రాకెట్లకు తీగలు బిగించే పని చేసి, చూసి చూసి ఆట కూడా నేర్చుకుని, తిరిగొచ్చాక మన పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాడు. రాకెట్టును రెండు చేతులతో పట్టి కొట్టే దెబ్బ ఒకటుంటుంది, బ్యాక్‌హ్యాండ్ అంటారు. ఎస్తేరు ఆ దెబ్బ కొడితే బాషా మామ నోరు తెరిచేవాడు. "ఏమప్పా మేస్త్రీ, ఈ పాపకు ఎడం పక్క నుంచి అంత బలం యాడిది?" అని నన్ను అడిగేవాడు. నాకేం తెలుసు? మా ఇంటి రాగిసంగటి మహిమ అని చెప్పేవాణ్ని.

అలాంటి బిడ్డ ఒక పోటీలో సర్వీసు కొట్టబోయి భుజం పట్టుకుని కోర్టులోనే కూలబడిపోయింది. ఆపరేషన్ చేశారు. మామూలు పనులకు చేయి వస్తుందనీ, సర్వీసు కొట్టేంత బలం మాత్రం ఇక రాదనీ డాక్టరుగారు మెల్లగా చెప్పారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఎస్తేరు కిటికీ వైపు తిరిగి, "నాయనా, ఇంక నన్ను ప్లేయరని ఎవురికీ చెప్పొద్దు" అంది. సహోదరులారా, ఆ బస్సు దిగేదాకా నేను చేతిలోని టిక్కెట్టును మడుస్తూ విప్పుతూ కూర్చున్నాను!

ఉపవాసం పట్టాను. ఉపవాసంలో టీ లెక్కకు రాదని నాకు నేనే తీర్మానించుకున్నాను, ఆ సంగతి దేవుడికీ నాకూ తెలుసు. మోకాళ్ల మీద పడి, "ప్రభువా, నా బిడ్డ కుడిచేయి నాకు తిరిగియ్యి, ఇంకేమీ అడగను" అని ఏడ్చాను. వారాలు గడిచాయి, నెలలు గడిచాయి, చేయి భుజం దాకా లేచి అక్కడ ఆగిపోయింది. దేవుడు వినలేదనుకున్నాను. ఆయన విన్నాడు, కానీ నేను తట్టే తలుపు ఒకటి, ఆయన తెరిచే తలుపు ఇంకొకటి!

బిడ్డ మనసు మారుతుందని జమ్మలమడుగులో ఉన్న మా అమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఎస్తేరుకు ఆమె జేజి. ఆ ఇంటి ముందు వాకిలంతా నేను పరిచిన బండలే, ఆ రోజు జేజి వాటి మీద మిరపకాయలు ఆరబోసి, చేటలో శనగకాయలు పెట్టుకుని ఒలుస్తోంది. పక్కింటి మేక ఒకటి, జేజికి బద్ధశత్రువు, గోడ పక్కనుంచి వచ్చి మిరపకాయల్లో మూతి పెట్టింది. "పాపా, మేక! మేక!" అని జేజి అరిచింది. అరుగు మీద దిగాలుగా కూర్చున్న ఎస్తేరు, పక్కనే పడున్న పాత టెన్నిసు బంతిని ఎడమచేత్తో తీసి, చూసీ చూడకుండా విసిరింది. నేరుగా మేక కొమ్ముకు తగిలింది! అది గండికోట దాకా పరుగెత్తిందని బయట చెప్పుకున్నాను గానీ, దేవుని ఎదుట చెబుతున్నాను, పక్క సందులోకి పోయింది, అంతే.

నేను నవ్వుతున్నాను. జేజి మాత్రం శనగకాయలు ఒలవడం ఆపి ఎస్తేరు ఎడమచేయి వైపే చూస్తోంది.

"ఏందిమా, అట్ల చూస్తాండావు?" అన్నాను.

"ఒరే, ఇది పుట్టినప్పుడు ఎడంచేతి పిల్ల రా" అంది జేజి. "నువ్వు బండలు పరిచేకి పోతాంటివి, నీకేం తెలుసు. గిన్నెలో చెయ్యి పెడితే ఎడమ చెయ్యే పెడతాండె. నలుగుర్లో ఎడం చేత్తో తింటే ఆడపిల్లను ఏమంటారోనని నేనే ఆ చేతికి గుడ్డ కట్టేస్తి. కుడిచెయ్యి అలవాటయ్యేదాకా విప్పలేదు."

బాషా మామ అడిగిన ప్రశ్నకు జవాబు అన్నేళ్ల తర్వాత ఆ వాకిట్లో దొరికింది! రాగిసంగటి కాదు సహోదరులారా, గుడ్డ కింద దాగిన చేయి అది! జేజి లేచి లోపలికి పోయి, ఎస్తేరు ఎప్పుడో సెలవుల్లో వచ్చినప్పుడు మంచం కింద వదిలేసిన పాత రాకెట్టు తెచ్చి ఎడమచేతిలో పెట్టింది. "బంతి ఈ చేత్తో కొట్టు పాపా. అన్నం మాత్రం కుడిచేత్తోనే తిను, ఆ మాట నేను ఇడిసిపెట్టను" అంది.

బాషా మామకు చెబితే ఆయన నవ్వాడు. "చెయ్యి మార్చేదానికి అదేమన్నా చొక్కా అనుకున్యావా అప్పా?" అన్నాడు. వచ్చి చూశాక నవ్వడం మానేశాడు. బండల మీద బంతి ఎత్తుకు లేవదు, అతుకు మీద పడితే ఎటు జారుతుందో తెలియదు. అలాంటి బంతిని ఎస్తేరు ఎడమచేత్తో గోడకేసి కొడుతూ ఉంటే జేజి పక్కన కూర్చుని మిరపకాయలకు కాపలా కాసింది. ఎండలు పోయాయి, వానలు వచ్చాయి, ఆ చేయి దాని పుట్టుక దానికి గుర్తొచ్చినట్టు కుదురుకుంది. ఒక్క సర్వీసే కుదరలేదు. ఎడమచేత్తో కొట్టాలంటే కుడిచేత్తో బంతిని తలకంటే పైకి ఎగరెయ్యాలి. కుడిచేయి భుజం దగ్గర ఆగిపోయేది. ఇప్పుడు ఎత్తవచ్చని డాక్టరుగారు చెప్పినా, భయం ఆ చేతిని కిందికి లాగేది.

అలాగే నేనూ బాషా మామా జేజీ కలిసి ఎస్తేరును పులివెందులలో ఒక టోర్నమెంటుకు తీసుకెళ్లాం. అక్కడ కూడా ఆడలేకపోతే రాకెట్టు అమ్మేద్దామని ఎస్తేరు ముందే నా దగ్గర మాట తీసుకుంది. మొదటి సెట్టు ఘోరంగా పోయింది. బంతి పైకి లేవదు, సర్వీసు నెట్టులో పడుతుంది.

"ఏమప్పా, మీ పాప ఎడం చేత్తో ఆడతాంది, ఆ పక్క పాపను ఎక్కిరిస్తాందా ఏంది?" అని ఒకాయన నన్ను అడిగాడు.

"కాసేపు ఆగు మామా, ఎవుర్ని ఎవురు ఎక్కిరిస్తాండారో చూద్దువులే" అని బాషా మామ అన్నాడు గానీ, ఆయన కూడా నెట్టులో పడే బంతులనే లెక్కపెడుతున్నాడు.

నేను కళ్లు మూసుకున్నాను. ఈసారి నా ప్రార్థన మారిపోయింది. "ప్రభువా, ఆ కుడిచేయి కొట్టేదానికి వద్దు. ఎత్తేదానికి మాత్రం ఇయ్యి, చాలు" అన్నాను. నేను ఆమెన్ అనకముందే పక్కనుంచి జేజి లేచి నిలబడి, మైదానమంతా వినేటట్టు అరిచింది.

"పాపా! సంఘంలో పాటకు ఎత్తినట్టు ఎత్తవే!"

జనం గొల్లుమన్నారు. ఎస్తేరు కూడా నవ్వేసింది. ఆ నవ్వులో భయం ఎటు పోయిందో, కుడిచేయి భుజం దాటింది, చెవి దాటింది, తల దాటింది, హల్లెలూయా! బంతి ఆకాశంలో ఆగినట్టు నాకు కనబడింది, ఆగలేదని బాషా మామ అంటాడు, నాకు మాత్రం ఆగింది! ఎడమచేయి దాన్ని కొట్టిన చప్పుడుకు అవతలి పిల్ల కదలనైనా కదలలేదు. ఆ ఆట గెలిచింది, ఆ టోర్నమెంటు గెలిచింది, తిరిగి ప్రొఫెషనల్ పోటీలకు వెళ్లింది, మొదట ఓడింది, మళ్లీ వెళ్లింది, మళ్లీ ఓడింది, చివరికి ఈ సంవత్సరం తన మొట్టమొదటి ప్రొఫెషనల్ సింగిల్స్ టైటిల్ గెలిచి కప్పు ఎత్తింది! ఏ చేత్తో ఎత్తిందనుకున్నారు? కుడిచేత్తో! నేను అడిగిన చేతిని ఎత్తడానికి ఇచ్చాడు, నేను అడగని చేతిని గెలవడానికి ఇచ్చాడు. సమస్త ఘనత ఆయనకే!

పోయిన ఆదివారం కృతజ్ఞతారాధన తర్వాత ఎస్తేరు సంఘమంతటికీ మైసూరుపాకు పంచింది. జేజి దగ్గరికి రాగానే ముక్కను ఎడమచేతి నుంచి కుడిచేతికి మార్చుకుంది, చిన్నప్పటి నుంచి నేర్పింది అదే కదా. జేజి ఆ మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఆ చేత్తో కాదు పాపా" అంది. "దేవుడిచ్చిన చేత్తో పెట్టు."

అని, చిన్నబిడ్డలాగా నోరు తెరిచింది. నేను ఆ పూట ఎవరికీ కనబడకుండా స్తంభం చాటుకు వెళ్లాల్సి వచ్చింది.

చదువుతున్న సహోదరీ, సహోదరుడా, నీలో కూడా ఎవరో ప్రేమతోనే కట్టేసిన చేయి ఒకటి ఉండవచ్చు. పోయినదాని కోసం ఏడుస్తున్నావా, ఏడువు, ఆయన వింటాడు. కానీ ఆ కన్నీళ్లు తుడుచుకునే చేయి ఏదో ఒకసారి చూసుకో, దాన్ని యేసు చేతిలో పెట్టు. ఇక బస్సులో నా బిడ్డ నాకు పెట్టిన ఆంక్ష ఎత్తేసింది. నా బిడ్డ ప్లేయరని ఇప్పుడు కనబడినవాళ్లందరికీ చెబుతున్నాను, నాలుగింతలు కలపకుండా చెబుతున్నాను, అయినా ఎవరూ నమ్మడం లేదు. మీరైనా నమ్మండి, దేవునికే మహిమ!