ఖాదర్ తాత గంట

తడి సున్నం వాసన ముక్కుకు తగిలితే చాలు, నేను కుప్పంలో ఉన్నానన్న సంగతే మరిచిపోతాను. ఈరోజు పొద్దున మా స్కూలు గ్రౌండులో పరుగుపందేనికి గీత గీయిస్తుంటే మళ్ళీ అదే జరిగింది. మదనపల్లెలో నేను చదివిన పాత కాలేజీ, సున్నం డబ్బా పట్టుకుని వంగిన ఖాదర్ తాత నడుము కళ్ళముందుకొచ్చాయి. తాత మా గ్రౌండ్ మార్కర్. గీతలు గీయడం, వలలు కట్టడం, బంతులకు గాలి కొట్టడం ఆయన పని. ఈ వ్యాయామం టీచరు పని నేను ట్రైనింగులో నేర్చుకున్నానని నా సర్టిఫికెట్లు అంటాయి. అననీండి, వాటికేం తెలుసు!

తెల్లదొరల కాలంలో కట్టిన కాలేజీ అది. ఏటా స్పోర్ట్స్ డే నాడు కొండ దాకా పరిగెత్తి తిరిగి రావాలి. మొదట వచ్చినవాళ్ళకు కప్పు. చిట్టచివర వచ్చినవాళ్ళు మాత్రం గ్రౌండు పక్కనున్న ఇత్తడి గంట కొట్టాలి. అది మోగేదాకా ప్రిన్సిపాలైనా సరే కదలకూడదు. ఎందుకో ఎవరికీ తెలియదు. నాకేమో ఏదైనా అడిగి తెలుసుకోనిదే అన్నం అరగదు. సీనియర్లనడిగితే, ఓడినవాళ్ళను ఆటపట్టించడానికన్నారు. ఒక లెక్చరరు, దొరల పిచ్చి అన్నాడు. తాతనడిగితే తల ఎత్తకుండానే, "పరిగెత్తి సూడమ్మా, తెలుస్తాది" అన్నాడు.

పరిగెత్తాను. రామకుప్పం దాన్ని, రాగిసంకటి తిన్న ఒళ్ళు, నాకెవరు ఎదురనుకున్నాను. కొండ దగ్గర తిరిగేసరికి ముందు ఒక్కరూ కనపడలేదు, వెనక ఎలాగూ లేరు. అంతమంది ముందు ఆఖరున వచ్చి గంట కొట్టడమా! అంతకంటే సిగ్గుచేటుందా? పుంగనూరు రోడ్డులో షేర్ ఆటో ఎక్కి, వెనక గేటు గుండా హాస్టల్లో దూరి ముసుగుతన్నాను.

గంట మోగలేదు. ఎండ నడినెత్తికొచ్చినా మోగలేదు. చివరికి నా రూమ్మేట్ వచ్చి తలుపు బాదింది. "ఈడుండావా మహాతల్లీ! ఆడ నీకోసం కాలేజీ అంతా కూసోనుండాది. ఖాదర్ తాత సైకిలేసుకోని నిన్ను ఎతకను పోయినాడు."

గ్రౌండుకు పరిగెత్తాను. కాసేపటికి తాత వచ్చాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. నన్ను చూడగానే సైకిలు వదిలేశాడు, అది దబ్బున పడింది. తిడతాడనుకున్నాను. "వచ్చినావా తల్లీ" అని నేలమీద కూలబడ్డాడు.

"ఇంత ఎండలో యాల పోయినావు తాతా..." అన్నాను.

"శానా ఏండ్ల కింద ఒకాయప్ప, నీమాదిరి సదువుకునే పిల్లోడే, పందెంలో తిరిగి రాలేదమ్మా. పెద్దసారుకు ఆలిస్యమవతాదని నేనే గంట కొట్టేసినా. గంట మోగింది గదా, అందరూ వచ్చేసినారని ఎవురూ ఎతకల్యా. ఆయప్ప కొండకాడ కాలిరిగి, పొద్దుగూకేదాకా గుంతలో పడుండాడు. బతికినాడు. మళ్ళా పరిగెత్తల్యా."

ఏడాదిపాటు అందరినీ అడిగిన ప్రశ్నకు జవాబు అదీ. నాకు ఏడుపొచ్చింది. "నేను ఆటోలో వచ్చినా తాతా. నేనెట్ల కొట్టేది?"

"ఎట్ల వచ్చినావని గంట అడగదమ్మా. వచ్చినావా లేదా, అంతే. కొట్టు."

అందరూ నవ్వుతుంటే కొట్టాను. సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాను గానీ, ఆ మోత వింటూ తాత కళ్ళు మూసుకోవడం చూశాక సిగ్గు సంగతే గుర్తు లేదు.

తాత పోయి చాలా ఏళ్ళయింది. ఈరోజు మా పిల్లలు రైల్వే గేటు దాకా పరిగెత్తి రావాలి. అందరూ వచ్చేశారు, ఒక్క అమ్మాయి తప్ప. హెడ్మాస్టరు గడియారం చూసుకుని, "ఇంక ప్రైజులు ఇచ్చేద్దామా మేడం?" అన్నారు. మా స్కూల్లో ఇత్తడి గంట లేదు, రైలుపట్టా ముక్క వేలాడుతుంటుంది. దాన్ని కొట్టే ఇనుప కడ్డీ నా చేతిలోనే ఉంది.

"ఇంకొకరు రావాల సార్" అని కడ్డీ కింద పెట్టి, స్కూటీ తాళాలు తీసుకున్నాను.